బడి మూసేశారు, లిటరేచర్ కోర్స్‌వర్క్ సగంలో ఉంది: ఇంట్లో ఒక్కదాన్నే ఎలా పూర్తి చేయాలి?

ప్రశ్న: నేను పన్నెండో తరగతి, ఇంగ్లీష్ లిటరేచర్ తీసుకున్నాను. బడి మూసేనాటికి క్లాసులో షేక్‌స్పియర్ నాటకం మాక్‌బెత్ రెండో అంకంలో ఉన్నాం. ఫ్రాంకెన్‌స్టైన్ నవల అసలు మొదలే పెట్టలేదు. కోర్స్‌వర్క్ వ్యాసం (పరీక్షలో కాకుండా ముందే రాసి మార్కులకు ఇచ్చేది) మాక్‌బెత్ మీదే, సగం రాసి ఆగిపోయాను. మేడమ్ మెయిల్‌లో నోట్స్ పంపుతున్నారు, చదివితే ఏమీ బుర్రకెక్కడం లేదు. గైడులు, యూట్యూబ్ వివరణలు చూసి రాసేస్తే సరిపోతుందా? మా ఇంట్లో ఇంగ్లీష్ సాహిత్యం తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. చాలా టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

గైడు చూసి రాస్తే సరిపోదమ్మా. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నువ్వు అడిగినవన్నీ తిరిగి తిరిగి అక్కడికే వస్తాయి. చాలా ఏళ్ళుగా ఈ సబ్జెక్టే చెబుతున్నాను. 2020లో కరోనాకి బడులు మూతపడినప్పుడు పిల్లల చేత ఇంటి నుంచే కోర్స్‌వర్క్ రాయించాను. ఏది గైడులోంచి ఎత్తిందో, ఏది సొంతంగా చదివి రాసిందో రెండో పేరా దాటకముందే తెలిసిపోయేది. ఒకే వాక్యం కాస్త అటూ ఇటూ మారి ఫైలు తర్వాత ఫైల్లో కనిపిస్తుంటే తెలియకుండా ఎలా ఉంటుంది?

మార్కుల సంగతి అలా ఉంచు. బడి మూతపడితే నువ్వు పోగొట్టుకున్నది పాఠం ఒక్కటే అయితే, దాన్ని నోట్స్‌తో పూడ్చేయొచ్చు. నోట్స్‌కి ఇప్పుడు కరువేమీ లేదు. అసలు పోయింది క్లాసులో జరిగే మాటలు. ఎవరో ఒకరు పైకి చదివేవాళ్ళు, ఆగకూడని చోట ఆగేవాళ్ళు, వెనక బెంచీలోంచి ఎవరో "చంపినవాడు కత్తులు అక్కడే పడేసి రాకుండా చేత్తో పట్టుకొచ్చాడేంటి?" అని అడిగేవాళ్ళు. దానికి జవాబు వెతుక్కునే హడావిడిలో ఆ దృశ్యం మనసుకు పట్టేసేది. ఆ మాటలన్నీ అయ్యాక మిగిలిన సారాంశమే నోట్స్. మాటలు జరగకుండా సారాంశం మాత్రం చేతికొస్తే అది బుర్రకెక్కకపోవడంలో వింతేమీ లేదు, నీ తెలివికి దానికీ సంబంధం లేదు. కాబట్టి కొన్నాళ్ళు నోట్స్ పక్కన పెట్టెయ్. ఇంట్లో ఆ మాటలు మళ్ళీ ఎలా పుట్టించాలో చూద్దాం.

నాటకంతో మొదలుపెట్టు, పైకి చదువు. మనసులో చదివితే షేక్‌స్పియర్ సగం కూడా అర్థం కాడు, ఎందుకంటే ఆ మాటలు రాసింది నటుల గొంతుల కోసం. తలుపేసుకుని, నిలబడి చదువు. ఇంట్లోవాళ్ళు నవ్వితే నవ్వనీ. మొదటిసారి ప్రతి మాటకూ డిక్షనరీ తీయకు. ఒక దృశ్యం ఆపకుండా చివరిదాకా చదివి, ఎవరు ఎవరితో ఏం కోరి మాట్లాడుతున్నారో పట్టుకుంటే చాలు. రెండోసారి చదివేటప్పుడు పుస్తకంలో పేజీ కింద ఇచ్చిన అర్థాలు చూసుకో. షేక్‌స్పియర్ విషాద నాటకాల్లో అన్నిటికన్నా చిన్నది మాక్‌బెత్. రోజుకు ముప్పావుగంట కూర్చుంటే రెండు వారాల్లోపు మొత్తం గొంతెత్తి చదివేయొచ్చు.

నువ్వు ఆగిన చోటనే చూడు, రెండో అంకం రెండో దృశ్యం. మాక్‌బెత్ రాజును చంపి బయటకు వచ్చాడు. భార్య ఎదురుచూస్తోంది. అక్కడ సంభాషణ ఇలా నడుస్తుంది: "డిడ్ నాట్ యూ స్పీక్?" "వెన్?" "నౌ." "యాజ్ ఐ డిసెండెడ్?" "ఆయ్." (ఏమైనా అన్నావా? ఎప్పుడు? ఇప్పుడే. నేను దిగుతున్నప్పుడా? అవును.) కళ్ళతో చదివితే ఇందులో ఏముంది, ఐదు చిన్న ముక్కలు. ఇప్పుడు ఇంకొకరిని పిలిచి ఇద్దరూ చెరో పాత్రా చదవండి. ఆ మాటల మధ్య ఊపిరి తీసుకునే వ్యవధి ఉండదు. అప్పటిదాకా పెద్ద పెద్ద వాక్యాల్లో మాట్లాడిన ఇద్దరు మనుషులు ఒక్కసారిగా ఒక్కో మాటకు పడిపోయారు. భయంగా ఉందని ఇద్దరిలో ఎవరూ చెప్పలేదు, ఆ పొట్టి మాటలే చెప్పేశాయి. ఈ ఒక్క గమనిక మీద వ్యాసంలో ఒక మంచి పేరా రాయొచ్చు. పైకి చదివిన వాళ్ళకు అది వినబడుతుంది, కాబట్టి గైడు వెతకాల్సిన పని ఉండదు.

చదవడానికి ఎవరూ దొరక్కపోతే పుస్తకం ముందు పెట్టుకుని ఆడియో విను. లిబ్రివాక్స్ అని 2005 నుంచి నడుస్తున్న సైటు ఉంది, వలంటీర్లు పాత పుస్తకాలు చదివి ఉచితంగా పెడతారు. గొంతులు అన్నీ ఒకలా ఉండవు, కొన్ని బాగుంటాయి, కొన్ని వింటుంటే నిద్రొస్తుంది. నచ్చకపోతే వేరేది ఎంచుకో.

సినిమా చూడొచ్చా అని చాలామంది అడుగుతారు. చూడు, కానీ నాటకం పూర్తిగా చదివాకే. రాజు డంకన్ హత్య నాటకంలో రంగస్థలం మీద జరగదు. మాక్‌బెత్ లోపలికి వెళ్ళడం, మళ్ళీ రావడం మాత్రమే మనం చూస్తాం. కొన్ని సినిమాల్లో మాత్రం ఆ హత్యను చూపించారు. అది దర్శకుడి ఊహ. సినిమా ఒక్కటే చూసి రాసినవాళ్ళు షేక్‌స్పియర్ ఆ హత్యను ఎంత భయంకరంగా వర్ణించాడో అంటూ పేరాలకు పేరాలు రాసేస్తారు. లేని దృశ్యానికి మార్కులెలా వేస్తారు? నిజానికి చూపించకపోవడమే అక్కడ అసలు విషయం. హత్యకు ముందు గాల్లో కత్తి కనిపిస్తుంది, తర్వాత చేతికి రక్తం కనిపిస్తుంది, మధ్యలో జరిగింది ప్రేక్షకుడి తలలోనే జరుగుతుంది.

ఇంకో చిన్న విషయం, నువ్వు ఫోన్‌లో చదువుతున్నావేమో అని చెబుతున్నాను. ఫోన్ తెర ఇరుకు కాబట్టి పద్య పంక్తులు మధ్యలో విరిగి కిందికి జారిపోతాయి. అప్పుడు ఏది పద్యమో ఏది వచనమో తెలియదు. మాక్‌బెత్‌లో ఆ తేడా చాలా ముఖ్యం. ఐదో అంకం మొదటి దృశ్యంలో లేడీ మాక్‌బెత్ నిద్రలో నడుస్తూ మాట్లాడేది వచనంలో. హత్య జరిగిన రాత్రి "కాసిని నీళ్ళతో కడిగేస్తే పోతుంది" అన్న అర్థం వచ్చే మాటను చక్కటి పద్య పంక్తిలో అన్న మనిషి, ఇక్కడ చేతులు రుద్దుకుంటూ తెగిపోయిన వచన ముక్కల్లో మాట్లాడుతుంది. మనసు చెదిరిన సంగతి ఆమె భాష ఆకారంలోనే ఉంది. వాట్సాప్‌లో ఎవరో కాపీ చేసి పంపిన పాఠంలో అది పూర్తిగా మాయమైపోతుంది. ఫోన్ అడ్డంగా తిప్పి చదువు, లేదా ఫోల్జర్ షేక్‌స్పియర్ లైబ్రరీ సైటులో నాటకాలన్నీ పంక్తుల నంబర్లతో ఉచితంగా ఉన్నాయి, అక్కడ చదువు. ఆ నంబర్లు వ్యాసంలో కోట్ చేసేటప్పుడు పనికొస్తాయి. కాకపోతే నంబర్లు ఒక ముద్రణలో ఉన్నట్టు ఇంకోదాంట్లో ఉండవు, కాబట్టి ఏ ముద్రణ వాడావో వ్యాసం చివర రాసెయ్.

మాటల సంగతికి వద్దాం. క్లాసులోవాళ్ళు ముగ్గురో నలుగురో కలిసి వారానికి ఒకసారి కాల్ పెట్టుకోండి. ఒక్క దృశ్యం మీదే, అరగంట చాలు. ఒక షరతు పెట్టుకోండి: ఎవరో ఒకరు మిగతావాళ్ళు చెప్పేదాన్ని కాదనాలి. "మాక్‌బెత్‌ను భార్యే చెడగొట్టింది" అని అందరూ తలూపితే ఆ కాల్ దండగ. కాదనే పని నీకు వచ్చిందనుకో, పాఠంలోకి వెళ్ళి సాక్ష్యం వెతకాలి. మొదటి అంకం మూడో దృశ్యంలో, భార్యతో ఒక్క మాట కూడా మాట్లాడకముందే, అతని మనసులో హత్య అనే ఆలోచన వచ్చేసి ఉంటుంది. అది దొరికిన రోజు నీ వ్యాసానికి వాదన దొరికినట్టే.

ఇంట్లో సాహిత్యం తెలిసినవాళ్ళు లేరని బెంగపడకు. అమ్మకో నాన్నకో తమ్ముడికో ఆ దృశ్యం తెలుగులో కథలా చెప్పు. చెబుతూ ఎక్కడ తడబడితే అక్కడ నీకు అర్థం కాలేదన్నమాట. వాళ్ళు అడిగే ప్రశ్నలు భలే ఉంటాయి కూడా. "రాజు వాళ్ళింటికే అతిథిగా వచ్చాడా? అతిథిని చంపారా?" అని అడిగితే, క్లాసులో అంతగా పట్టించుకోని విషయం కళ్ళముందుకొస్తుంది. మొదటి అంకం ఏడో దృశ్యంలో మాక్‌బెత్ తనకు తాను చెప్పుకునే కారణాల్లో అది కూడా ఉంది: నేను రాజుకు బంధువుని, అతని పాలనలో ఉన్నవాణ్ని, పైగా ఆతిథ్యం ఇస్తున్నవాణ్ని, హంతకుడు రాకుండా తలుపు వేయాల్సింది నేనే అంటాడు. వాదన తెలుగులో ఆలోచించడంలో తప్పేమీ లేదు. అది తెలుగులో నిలబడితే ఇంగ్లీష్‌లో రాయడం తర్వాతి పని.

ఇక సగంలో ఆగిన వ్యాసం. నాటకం పూర్తయ్యేదాకా ఆ ఫైలు తెరవకు. పూర్తయ్యాక తెరిచి, ప్రతి పేరా పక్కన అది ఏం చెబుతోందో ఒక్క ముక్కలో రాసుకో. "ఇక్కడ ఇది జరిగింది" అని వస్తే అది కథ చెప్పే పేరా. దిద్దేవాళ్ళకు కథ తెలుసు. "ఇది ఇలా ఎందుకు రాసినట్టు, దానివల్ల మనకేం అనిపిస్తుంది" అని వస్తే అది వ్యాసం. మొదటి రకం పేరాలు కొట్టేయడానికి చెయ్యి రాదు, తెలుసు. అయినా కొట్టెయ్.

తేడా ఎలా ఉంటుందో ఒక వాక్యంలో చూపిస్తాను. "హత్య తర్వాత మాక్‌బెత్ పశ్చాత్తాపపడుతున్నాడని షేక్‌స్పియర్ చూపించాడు." ఇది తప్పు కాదు, కానీ నాటకం చదవనివాళ్ళు కూడా రాయగలరు. ఇప్పుడు పాఠం చూడు. లోపల నిద్రలో ఎవరో దేవుడా దీవించు అంటే, మాక్‌బెత్ "ఆమెన్" అనబోయి అనలేకపోతాడు. ఆ మాట గొంతులో ఇరుక్కుందని భార్యతో మళ్ళీ మళ్ళీ చెబుతాడు. అప్పుడు వాక్యం ఇలా మారుతుంది: "రాజు ప్రాణం గురించి మాక్‌బెత్ ఒక్క మాట అనడు, తన గొంతు దాటని 'ఆమెన్' గురించి వదలకుండా మాట్లాడతాడు, కాబట్టి ఈ క్షణంలో అతన్ని వేధిస్తున్నది చేసిన పాపం కన్నా తనకు దొరకని దీవెనే అనిపిస్తుంది." దీంతో గొడవపడొచ్చు. దృశ్యం చివర్లో తలుపు కొట్టే చప్పుడు వినబడితే, డంకన్ లేస్తే ఎంత బాగుండు అన్న అర్థంలో అతనే అంటాడు కదా అని ఎదుటివాళ్ళు అనొచ్చు. అనాలి కూడా. అప్పుడు నీ తర్వాతి పేరా ఆ అభ్యంతరానికి జవాబు అవుతుంది. ఎదురు చెప్పడానికి వీల్లేని వాక్యం మీద వ్యాసం ముందుకు నడవదు.

నేపథ్యం గురించి రెండు మాటలు. పిల్లలు ఇంటర్నెట్‌లో దొరికిందంతా తెచ్చి మొదటి పేరాలో కుమ్మరిస్తారు: షేక్‌స్పియర్ ఎప్పుడు పుట్టాడు, ఎంతమంది పిల్లలు, అప్పటి ఇంగ్లండ్ రాజు జేమ్స్ దయ్యాలను నమ్మేవాడు. వాటిలో ఏదైనా ఒక పంక్తి అర్థాన్ని మారిస్తేనే రాయి. రెండో అంకం మూడో దృశ్యంలో తాగిన ద్వారపాలకుడు నరకానికి కాపలా కాస్తున్నట్టు నటిస్తూ, రెండు వైపులా ప్రమాణం చేసే మాటల గారడీవాడి గురించి మాట్లాడతాడు. 1605లో ఇంగ్లండ్ పార్లమెంటును పేల్చేయబోయిన కుట్ర బయటపడింది, ఆ కేసులో 1606లో హెన్రీ గార్నెట్ అనే మతగురువును విచారించినప్పుడు ఈ మాటల గారడీ మీద పెద్ద చర్చే నడిచింది. ద్వారపాలకుడి మాటలు దాన్నే గుర్తు చేస్తాయని చాలామంది విమర్శకులు అంటారు. ఇప్పుడు మంత్రగత్తెల జోస్యం చూడు: స్త్రీకి పుట్టినవాడెవడూ నిన్నేం చేయలేడు. నిజమే, అబద్ధమూ అదే: చివరికి అతన్ని చంపే మాక్‌డఫ్ తల్లి కడుపు కోసి తీసిన బిడ్డ. నేపథ్యం అలా పాఠంలోకి వచ్చి పనిచేయాలి. జీవిత చరిత్ర ఎవరికీ అక్కర్లేదు.

నవలకు నాటకమంత భయం అక్కర్లేదు, ఒక్క జాగ్రత్త తప్ప. ఫ్రాంకెన్‌స్టైన్ మొదట 1818లో వచ్చింది, మేరీ షెల్లీ దాన్ని సవరించి 1831లో మళ్ళీ వేసింది. ఉచిత సైట్లలో రెండూ ఉన్నాయి. 1971లో మొదలైన ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌లో కూడా రెండూ దొరుకుతాయి. తేడాలు చిన్నవి కావు. 1818 పాఠంలో ఎలిజబెత్ కథానాయకుడు విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్‌కు మేనత్త కూతురు, 1831లో ఆమె చుట్టం కాదు, పెంచుకున్న పిల్ల. మొదటిది మూడు సంపుటాలు, ప్రతి సంపుటంలో అధ్యాయాల లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలవుతుంది. రెండోది వరుసగా 24 అధ్యాయాలు. మేడమ్ "పదో అధ్యాయం చదవండి" అంటే 1831 పాఠం అన్నమాట. నీ సిలబస్‌లో ఏదుందో డౌన్‌లోడ్ చేయకముందే కనుక్కో.

మొదట్లో వాల్టన్ అనే నావికుడి ఉత్తరాలు నాలుగు వస్తాయి. బోరు కొట్టి చాలామంది వాటిని దాటేస్తారు. దాటేయకు. వాల్టన్ రాస్తున్నాడు, అతనికి విక్టర్ చెబుతున్నాడు, విక్టర్‌కు అతను తయారుచేసిన ప్రాణి చెప్పుకుంది. ఒకరి కథలో ఇంకొకరి కథ. ఎవరి మాట ఎంత నమ్మాలన్న ప్రశ్న అక్కడే పుడుతుంది, నవల ముగిసేది కూడా వాల్టన్ ఓడ మీదే. రోజుకు రెండు అధ్యాయాలు చదువు. సారాంశాలు రాసుకోవద్దు. ఇప్పుడు ఎవరు ఎవరికి చెబుతున్నారు, నన్ను ఆశ్చర్యపరిచింది ఏది, మళ్ళీ చదవాలనిపించిన వాక్యం ఏది, ఇంతే రాసుకో, అధ్యాయం నంబరుతో సహా.

కాపీరైట్ ఉన్న ఆధునిక పుస్తకాలు ఇలా ఉచితంగా దొరకవు. లైబ్రరీల ఈ-బుక్ సేవలో ఉందేమో చూడు. ఎవరో స్కాన్ చేసి పెట్టిన పీడీఎఫ్‌ల జోలికి వెళ్ళకు, పేజీలు ఎగిరిపోయి ఉంటాయి, మాటలు తప్పుగా పడి ఉంటాయి.

ఇంటి నుంచి రాసే కోర్స్‌వర్క్‌లో ఇంకో చిక్కుంది. ఇది నీ సొంత పనే అని టీచర్ సంతకం పెట్టాలి. నువ్వు క్లాసులో రాస్తుంటే ఆమె చూసేది, ఇప్పుడు చూడటం లేదు. అందుకే ప్రతి డ్రాఫ్ట్‌నూ తేదీ వేసి విడిగా దాచు, చేత్తో రాసుకున్న కాగితాలు పారేయకు. 2020 వేసవిలో ఇంగ్లండ్‌లో పరీక్షలు రద్దయి, చివరికి చాలావరకు టీచర్ల అంచనాల మీదే గ్రేడ్లు ఇచ్చారు. అలాంటప్పుడు చేసిన పనికి ఆధారం చేతిలో ఉండటం మంచిది. చాట్‌బాట్‌తో రాయించే ఆలోచన ఉంటే మానుకో. నిబంధనల సంగతి సరే, అవి నాటకంలో లేని పంక్తుల్ని కూడా ఉన్నట్టే ధీమాగా రాసిస్తాయి. ఎక్కడి నుంచి తెచ్చిన కోట్ అయినా అసలు పాఠంలో నీ కళ్ళతో చూశాకే వ్యాసంలో పెట్టు.

మేడమ్‌కు మెయిల్ రాసేటప్పుడు "ఏమీ అర్థం కావట్లేదు" అని రాయకు. దానికి ఎవరైనా ఏం జవాబిస్తారు? మళ్ళీ నోట్సే పంపుతారు. ఇలా రాసి చూడు: "మేడమ్, రెండో అంకం రెండో దృశ్యంలో మాక్‌బెత్‌ను వేధిస్తున్నది అపరాధ భావన కాదు, దీవెన దొరకదన్న భయం అని వాదించాలనుకుంటున్నాను. కానీ చివరి పంక్తిలో డంకన్ లేస్తే బాగుండు అన్న మాట నా వాదనకు అడ్డొస్తోంది. దాన్ని వదిలేయాలా, వ్యాసంలోకే తేవాలా?" దీనికి ఏ టీచరైనా ఉత్సాహంగా జవాబిస్తారు. వ్యాసం మొత్తం దిద్ది పంపడానికి చాలా బోర్డుల నిబంధనలు ఒప్పుకోవు, ఇలాంటి ప్రశ్నకు సలహా ఇవ్వడంలో మాత్రం ఇబ్బంది ఉండదు.

పంపాక మెయిల్ వెళ్ళిందో లేదో ఒకసారి చూసుకో. రోమియోకి అందాల్సిన ఉత్తరం అందకపోవడానికి కారణం తెలుసా? దాన్ని తీసుకెళ్ళే సన్యాసి ప్లేగు సోకిన ఇంట్లో ఉన్నాడేమోనని అనుమానించి, ఆ ఇంటి తలుపులు మూసేశారు. ఐదో అంకం రెండో దృశ్యం. క్లాసులో ఎప్పుడూ రెండు నిమిషాల్లో దాటేసే చోటు అది.

మేడమ్ జవాబివ్వడానికి రెండు మూడు రోజులు పట్టొచ్చు. ఈలోగా ఆ పేరాను కదపకుండా వదిలేసి, వాల్టన్ ఉత్తరాలు మొదలుపెట్టు.